మీటరు దాటిన తర్వాత కరెంటు భద్రతను తనిఖీ చేయవలసింది ఎవరు?

ప్రశ్న – అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో 1998లో కట్టిన 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. సంఘం కార్యదర్శి బాధ్యత ఈ ఏడాది నా మీద పడింది. గత నెలలో ఒక రోజు ఉదయం వాన పడుతుండగా మా వాచ్‌మన్ నీళ్ల మోటారు వేయడానికి వెళ్లి, స్టార్టరు పెట్టె ఇనుప తలుపు మీద చెయ్యి వేయగానే షాక్ కొట్టి వెనక్కి పడిపోయాడు. మోచేతికి రెండు కుట్లు పడ్డాయి. అంతకు మించి ఏమీ కాకపోవడం మా అందరి అదృష్టం. ఆ పెట్టెకు మూడడుగుల దూరంలోనే ఆయన భార్య గిన్నెలు తోముతుంది, వాళ్ల చిన్నపాప అక్కడే ఆడుకుంటుంది. అది తలచుకున్న రాత్రి నాకు నిద్ర పట్టడం లేదు.

ఇరవై ఏళ్లుగా మాకు పనులు చేస్తున్న ఎలక్ట్రీషియన్ వచ్చి, టెస్టరు పెట్టి చూసి, ఒక వైరుకు టేపు చుట్టి, ఇక భయం లేదని చెప్పి వెళ్లాడు. కరెంటాఫీసులో అడిగితే మీటరు వరకే తమ బాధ్యత అన్నారు. మరి మీటరు దాటిన తర్వాత భవనంలోని విద్యుత్ భద్రతకు చట్టప్రకారం ఎవరు బాధ్యులు, తనిఖీ చేసే అధికారం ఎవరిది? గ్యాస్ సిలిండర్ల సంగతి కూడా ఇంతేనా? పాత మోటారు తీసేసి ఫైవ్ స్టార్ మోటారు పెడితే సమస్య తీరిపోతుందని మా సమావేశంలో కొందరు అన్నారు. అది ఎంతవరకు నిజం? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు – విశ్రాంత విద్యుత్ తనిఖీ ఉద్యోగి, సీతమ్మధార

కార్యదర్శిగారికి నమస్కారం. కరెంటాఫీసు వారు చెప్పినది తప్పించుకునే మాట కాదు, చట్టం కూడా దాదాపు అదే చెబుతోంది. 2003 నాటి విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను తెచ్చింది; వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. సరఫరా మొదలయ్యే చోటు వరకు ఉన్న తీగలు, పరికరాలు పంపిణీ సంస్థవి. అక్కడి నుంచి లోపల ఉన్నదంతా వినియోగదారుడి బాధ్యత. ఉమ్మడి మీటరు అయితే మీ సంఘానిది.

తనిఖీ అధికారం మాత్రం పంపిణీ సంస్థది కాదు. చట్టంలోని 162వ సెక్షన్ ప్రకారం నియమితులయ్యే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్లకు ఆ అధికారం ఉంటుంది. మన దగ్గర వీరు రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తారు. కరెంటాఫీసు వేరు, ఈ తనిఖీ శాఖ వేరు అన్న సంగతి తెలియకనే చాలామంది ఒకే గుమ్మం చుట్టూ తిరిగి విసిగిపోతారు. విద్యుత్ ప్రమాదంలో మనిషికి గాని పశువుకు గాని గాయమైతే ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని 161వ సెక్షన్ చెబుతోంది. మీ వాచ్‌మన్‌కు కుట్లు పడ్డాయి కాబట్టి చిన్న సంగతి అని వదిలేయకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. చిన్న వోల్టేజీ కనెక్షన్లలో యజమానే పరీక్షలు చేయించి ధ్రువీకరించుకునే వెసులుబాటును నిబంధనలు కల్పించాయి. ఇందులో సాయపడటానికి ప్రభుత్వ అనుమతి పొందిన చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజినీర్లు ఉంటారు.

ఇక మీ మోటారు విషయం. మూడు ఫేజుల మోటారు అయితే దాని బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపేసే తీగలు, ఉండి తీరాలి. ఈరోజే వెళ్లి చూడండి. చాలా పాత అపార్ట్‌మెంట్లలో ఒక్కటే కనిపిస్తుంది, అదీ పెయింటు మీద బిగించి ఉంటుంది. టెస్టరు వెలగలేదంటే ఆ క్షణంలో అక్కడ కరెంటు లేదనే అర్థం తప్ప ఎర్తు బాగుందని కాదు. ఎర్తు ఎంత బాగుందో ఎర్తు రెసిస్టెన్స్ టెస్టరుతోనే కొలవాలి. వైండింగు, అంటే మోటారు లోపలి తీగచుట్ల, ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే పరికరంతో చూడాలి. కనీసం 1 మెగా ఓమ్ అయినా చూపించాలి. మన ఊరి ఉప్పుగాలికి ఎర్తు కోసం నేలలో పాతే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, దానికి బిగించే పట్టీ పైకి బాగానే కనిపిస్తూ నేల దగ్గర లోపలి నుంచి తుప్పు తినేసి ఉంటాయి. ఉద్యోగంలో ఉండగా బీచ్‌రోడ్డు వైపు భవనాల్లో ఎర్తు పట్టీని వేళ్లతో వంచితే బిస్కెట్టులా విరిగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్చు, ఎంసీబీ, ఉంది కదా అని ధైర్యపడేవారి కోసం ఇంకొక మాట. ఎంసీబీ కాపాడేది తీగను. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. ఒక 15 వాట్ల బల్బు వెలగడానికి తీసుకునే కరెంటు సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. అంత కరెంటు గుండె గుండా పోతే ప్రాణం పోవచ్చు. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో చూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో చిన్న భాగంలోనే సరఫరా ఆపేసేది ఆర్‌సీసీబీ. మీ ప్యానెల్‌లో అది ఉందేమో చూడండి; ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కగానే స్విచ్చు పడిపోయి సరఫరా ఆగకపోతే అది ఉన్నా లేనట్టే.

జవాబు – పూర్వ గ్యాస్ మెకానిక్, గాజువాక

గ్యాస్ గురించి నాకు తెలిసినది చెబుతాను. సిలిండరు తయారీ, నింపడం, పరీక్ష 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాల కిందకు వస్తాయి. వాటిని నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చూస్తుంది. సిలిండరు పైభాగాన, పిడికి ఆనుకున్న పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు, అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండరు తెస్తే తీసుకోకుండా వెనక్కి పంపే హక్కు మీకు ఉంది. రెగ్యులేటరు దాటిన తర్వాత ఉన్న ట్యూబు, పొయ్యి మాత్రం ఇంటివారే చూసుకోవాలి. నారింజ రంగు సురక్ష ట్యూబునైనా అయిదేళ్లకు మార్చాలి.

మీ ప్రశ్న చదవగానే నాకు తోచిన భయం ఇంకొకటి ఉంది. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకయితే పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకి పల్లంలో నిలుస్తుంది. వాచ్‌మన్ గది పార్కింగులోనే ఉండి, అక్కడ సిలిండరు, పక్కనే మోటారు స్టార్టరు ఉన్నాయంటే, లీకైన గ్యాస్ చేరే చోటనే నిప్పురవ్వ పుడుతుందన్నమాట. ముందు సిలిండరును అక్కడి నుంచి కదిలించండి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. లీకు ఎక్కడో వెతకడానికి సబ్బు నురగ చాలు, అగ్గిపుల్ల వద్దు.

జవాబు – ఎనర్జీ ఆడిటరు, మధురవాడ

ఫైవ్ స్టార్ మాట వరకే చెబుతాను. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే నక్షత్రాలు ఆ పరికరం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి; షాక్ కొట్టదని చెప్పవు. భద్రతకు చూడవలసినది ఐఎస్ఐ గుర్తు. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చడంతో కరెంటు బాగా ఆదా అయింది, కానీ స్తంభానికి ఎర్తు వేయడం వేరే పని. మీ మోటారుకు రెండు మూడుసార్లు వైండింగు కట్టించి ఉంటే మార్చడం లాభమే, ఎందుకంటే అలాంటి మోటారు సామర్థ్యం తగ్గుతుంది. అయితే ఎర్తు సరిచేసిన తర్వాతే కొత్త మోటారు బిగించండి.

జవాబు – రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు, మర్రిపాలెం

పై పెద్దలు సాంకేతిక విషయాలన్నీ చెప్పారు. ఎవరిచేత తనిఖీ చేయించాలన్న దాని గురించి నా అనుభవంతో ఒక మాట చెప్పదలచుకున్నాను. రైల్వే భద్రతా కమిషన్ రైల్వే మంత్రిత్వ శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. రైళ్లు నడిపేవారే తమ తప్పొప్పులు తామే తేల్చుకోకూడదన్న ఉద్దేశంతో 1941లోనే ఆ తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి వేరుచేశారు. కొత్త లైను మీద ప్రయాణికుల రైలు నడవాలంటే కమిషనరు స్వయంగా చూడాలి. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస రైలును విశాఖ–రాయగడ రైలు ఢీకొని మనవాళ్లు ప్రాణాలు కోల్పోయినప్పుడు కూడా విచారణ చేసినది ఆ కమిషనరే. ఆ రైళ్లు ఎక్కే జనంలో నా బంధువులూ ఉన్నారు కాబట్టి ఆ నివేదిక కోసం నేను ఎంతగా ఎదురుచూశానో చెప్పలేను.

మీ ఎలక్ట్రీషియన్ మంచివాడే అయి ఉండవచ్చు. అయినా ఇరవై ఏళ్లుగా ఆ పని చేసినవాడే ఆ పని బాగుందని సర్టిఫికెట్ ఇవ్వడం సరికాదు. పరీక్ష వేరొకరితో చేయించండి. కొలిచిన అంకెలు, తేదీ, సంతకం ఉన్న కాగితం తీసుకోండి. బాగుంది అని నోటితో చెబితే ఒప్పుకోవద్దు. ఆ తర్వాత మరమ్మతు మీ పాత ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చినా, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పర్యవేక్షణలోనే జరగనివ్వండి.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బయటి నుంచి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిపించాం. ముందు ఎర్త్ పిట్, అంటే ఎర్తు పైపు పాతిన గుంత, ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. నాలుగేళ్ల క్రితం పార్కింగులో టైల్స్ వేయించినప్పుడు దాన్ని కప్పేశారు. మూడు టైల్స్ పగలగొట్టాక పైపు కనిపించింది. దానికి తగిలించిన పట్టీ కాంట్రాక్టరు చేతిలోనే రెండు ముక్కలైంది. మోటారు బాడీకి ఒక్కటే ఎర్తు వైరు ఉంది, దాని రెండో కొస గోడలోకి వెళ్లి అక్కడితో ఆగిపోయింది. మెగ్గర్‌లో వైండింగు 0.2 మెగా ఓమ్ చూపించింది. ఆర్‌సీసీబీ లేనే లేదు.

వాచ్‌మన్ సిలిండరును ఆ రోజు సాయంత్రమే వెనకవైపు ఖాళీ స్థలంలోకి మార్పించాం. పట్టీ మీద తేదీ చూస్తే గడువు ఇంకా ఉంది. ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి జరిగినదంతా రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకున్నాం. రెండు కొత్త ఎర్త్ పిట్ల తవ్వకం సోమవారం మొదలవుతుంది. ఈసారి వాటి మీద టైల్స్ వేయనివ్వకుండా, తీసి చూడటానికి వీలున్న ఇనుప మూత పెట్టించి, పరీక్షించిన తేదీని, వచ్చిన అంకెను ఆ మూత మీదే పెయింటుతో రాయిస్తున్నాం.