చవక గేర్ సైకిల్‌కి వెనక చక్రం మార్చాలా, కొత్త హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ, కొండదారి సైకిల్‌కీ మధ్య రకం) కొనాలా?

హైదరాబాద్‌లో ఆఫీసుకి రానుపోను 20 కి.మీ. నా బరువు 86 కిలోలు, బ్యాగుతో కలిపి 92. సూపర్‌మార్కెట్‌లో 9,000కి కొన్న 21 గేర్ల సైకిల్: ఉక్కు ఫ్రేము, ముందు సస్పెన్షన్ ఫోర్కు, ఉక్కు రిమ్ములు, వి-బ్రేకులు.

వెనక ఇరుసు మళ్లీ మళ్లీ వంగుతోంది. కారణం తెలుసు: వెనక పళ్లచక్రాల గుత్తిని (ఫ్రీవీల్) మరతో బిగించే హబ్‌లో (చక్రం నడిమి భాగం) కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, దాని బయట ఇరుసుకి ఆధారం లేదు. గట్టి ఇరుసు వేసినా కొన్నాళ్లే. క్యాసెట్ హబ్‌లో (పళ్లచక్రాలు హబ్‌లో భాగమైన ఫ్రీహబ్ మీదికి జారి కూర్చునే రకం) ఆ బేరింగు ఫ్రేము అంచు దాకా వస్తుంది.

అందుకే 8/9 స్పీడ్ ఫ్రీహబ్, 36 పుల్లల అల్యూమినియం డబుల్‌వాల్ (రెండు గోడల) రిమ్‌తో చక్రం కట్టించాలనుకుంటున్నాను. 4.5 మి.మీ. స్పేసర్ (ఖాళీ నింపే ఉంగరం) పెట్టి 7 స్పీడ్ క్యాసెట్ వేస్తే పాత షిఫ్టర్లే సరిపోతాయి. వానలో ఉక్కు రిమ్ మీద బ్రేకు దాదాపు పట్టదు కాబట్టి ముందు రిమ్ కూడా మార్చాల్సిందే.

అడ్డంకి ఒకటే: ఫ్రేములో వెనక ఖాళీ 130 మి.మీ., హబ్ 135. ఉక్కు కాబట్టి చెరో వైపు 2.5 మి.మీ. సాగదీయవచ్చు. ఆ తర్వాత డ్రాపవుట్లు (ఫ్రేములో ఇరుసు కూర్చునే గాళ్లు), డెరైలర్ హ్యాంగరు (గేర్లు మార్చే భాగాన్ని బిగించే కొక్కెం) నిటారుగా ఉన్నాయో లేదో సరిచూసే పనిముట్లున్న మెకానిక్ నగరంలో ఎక్కడ దొరుకుతారు?

లేదా 25,000 లోపు సస్పెన్షన్ లేని హైబ్రిడ్ మేలా? క్యాసెట్ హబ్ ఉన్న మోడళ్లే చెప్పండి; ఆ ధరలోనూ కొన్నిటికి ఫ్రీవీలే పెడుతున్నారు.