ఇంటి కాగితాలన్నీ నా చేతే చేయిస్తారు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి మాత్రం పంపరంట

పెన్నొడ్డు పిల్ల:

మాది విడవలూరు పక్కన పల్లె. నెల్లూరులో బీకాం ఫస్టియర్ చదువుతున్నా. మొన్ననే పద్దెనిమిది నిండాయి. మా ఇంట్లో ఇంటర్ దాటింది నేనొక్కదాన్నే.

కాలేజీలో చేరినప్పట్నుంచీ ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా నా ముందే పెడుతున్నారు. జేజి పింఛను, గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, పంట నమోదుకి ఈకేవైసీ, అన్నీ నేనే. మా నాయనది బటన్ ఫోను, ఓటీపీలన్నీ నా ఫోనుకే వస్తాయి. ఓ రోజు అకౌంటెన్సీ క్లాసు మధ్యలో ఫోను: "పాపా, నంబరు వచ్చింటది చూడు, చెప్పు." బెంచీ కిందకి వంగి చెప్పా. బస్సు ఖర్చు కూడా లేదిప్పుడు, ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకి సున్నా టికెట్టు కొడతారు. సీటు దొరకదు, అది వేరే కథ.

ఇదంతా చేయడం నాకు కష్టంగా లేదు. నిజం చెప్పాలంటే బాగుంటుంది కూడా.

నా బాధ వేరే. కోతలయ్యాక వడ్ల వ్యాపారి మా ఇంటికొచ్చాడు. పుట్టి 18 వేలన్నాడు. పుట్టంటే 850 కిలోలు కదా, 900 తూస్తానన్నాడు, తేమా తాలూ అని ఏదో చెప్పాడు. 2025-26కి గ్రేడ్-ఏ మద్దతు ధర క్వింటా 2,389. పుట్టికి లెక్కేస్తే 20,306 రూపాయలు. ఆ మాటే అన్నా. ఎక్కువ తూసే 50 కిలోలకి ఆయన ధర ప్రకారమే వెయ్యి పైన పోతుందని కూడా చెప్పా. మా నాయన ఆయన ముందే "పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు నువ్వు లోపలికి పోమ్మా" అన్నాడు. ఆ వడ్లు 900 లెక్కనే పోయాయి.

ఇప్పుడు కాలేజీ వాళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు పెట్టారు. ఏడు రోజులు, వేరే ఊళ్ళో. "ఆడపిల్లవి, ఏడు రాత్రులు ఏందమ్మా" అని నాయన ఒక్క మాటతో తేల్చేశాడు. కాగితాలకి పెద్దదాన్ని, మాటకి మాత్రం చిన్నదాన్ని. మీ ఇళ్ళల్లో కూడా ఇట్టాగేనా? ఎట్టా అడిగితే ఒప్పుకుంటారు?

రూమ్ నంబర్ పన్నెండు:

అక్కా, నాది నీకు పూర్తిగా రివర్స్. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివా. తెల్లారుజామున లేపడం దగ్గర్నుంచి రాత్రి లైట్లార్పే దాకా మా బతుకంతా వాళ్ళ చేతుల్లోనే. అమ్మతో ఫోన్లో మాట్లాడాలన్నా ఆదివారం లైన్లో నిలబడాల్సిందే. అక్కడి నుంచి నేరుగా బీటెక్‌లో పడ్డా. ఇక్కడ క్లాసుకి వచ్చావా అని అడిగే నాథుడే లేడు.

మాది జేఎన్‌టీయూ అనంతపురం కింద కాలేజీ. హాజరు 75 శాతం ఉండాలి. 65కి, 75కి మధ్యలో ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కాండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్, మళ్ళీ జూనియర్లతో కూర్చోవాలి. నా రూమ్మేటు డిటెయిన్ అయ్యాడు. ఇంటర్లో మాకందరికీ టాపర్ వాడు. చదువు రాక కాదు, పొద్దున తనంతట తాను లేవడం వాడికి ఎప్పుడూ అవసరం పడలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నువ్వు ఇంటి పనులన్నీ చేసుకుంటూ చదువుతున్నావు. క్యాంపు నీకో లెక్కా? మీ నాయన్ని ఎట్టా ఒప్పించాలో మాత్రం నాకు తెలీదు, మా ఇంట్లో నేనేది అడిగినా సరే అంటారు.

కొండపి రైతు:

అమ్మాయ్, నాకూ నీ ఈడు కూతురుంది, ఒంగోల్లో డిగ్రీ. నేను తండ్రి పక్కనే మాట్లాడతా, ఏమనుకోవద్దు.

నీ లెక్కలో తప్పేం లేదు. కానీ ఒకటి అడుగుతా. ఆ వ్యాపారి దగ్గర మీ నాయన ముందే డబ్బు తీసుకున్నాడా? విత్తనాలకో ఎరువులకో, పోయినేడు ఇంట్లో ఏదన్నా ఖర్చుకో? మీ పొలం సొంతమా, కౌలా? కౌలైతే, యజమాని సంతకం పెట్టి సాగుదారు హక్కు పత్రం ఇవ్వకపోతే ప్రభుత్వ కేంద్రంలో మన పేరుతో వడ్లు అమ్మడం తలనొప్పి. అమ్మినా డబ్బు బ్యాంకులో పడేదాకా అప్పులోడు ఆగడు. ఎడగారు పైరుకి, అదే రెండో పంటకి, మళ్ళీ ఆయన గడపే తొక్కాలి. ఇవన్నీ తెలిసిన మనిషి 50 కిలోల దగ్గర నోరు మూసుకుంటాడు. నువ్వు వచ్చి అందరి ముందు అది విప్పి చెప్పావు. మీ నాయనకి కోపం వచ్చిందో, తల కొట్టేసినట్టయిందో నాకు తెలుసు.

మాకు పొగాకులో ఒక సుఖముంది. బోర్డు వేలంలో కొన్నోడి డబ్బు బ్యాంకుకే వస్తుంది, లోను అక్కడే కోసుకుంటారు. చేతికి తక్కువొస్తుంది గానీ మొహం మొహం చూసుకునే బాధ తప్పుతుంది.

క్యాంపు సంగతంటావా, మీ నాయన భయం నీ మీద కాదు. ఊళ్ళో మాటల మీద. ఆ మాట ఆయన నీతో అనలేడు. మేడం ఒకరు ఫోన్ చేసి మాట్లాడితే సగం తగ్గుతుంది. మా పాప విషయంలో అట్టాగే అయింది. ఇంకోటి: "నీ ఓటీపీలు నేను చెప్తున్నా కదా, నన్ను పంపు" అని మాత్రం అనకు. బేరమంటే మా మగోళ్ళకి పౌరుషం పొడుచుకొస్తుంది.

రిటైర్డ్ లెక్చరర్:

కొండపి ఆయన చెప్పినదాంట్లో మొదటి సగంతో నేను ఏకీభవిస్తాను. రెండో సగంతో కొంచెం గొడవ ఉంది. ఊరి మాటలకి భయపడే తండ్రుల్ని చూసీ చూసీ రిటైరయ్యాను. ఆ భయాన్ని మనమెందుకు అంత గౌరవించాలి?

నేను కొన్నేళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను. మీ నాయనకి ఈ వివరాలు చెప్పమ్మా. ఇది 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటల సేవ, దాంతోపాటు ఒక ప్రత్యేక క్యాంపు చేస్తేనే సర్టిఫికెట్. క్యాంపంటే విహారయాత్ర కాదు. మేం ఎక్కువగా ఊరి బడిలోనే దిగేవాళ్ళం. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, రాత్రి వంట వంతులు. అమ్మాయిల గదిలోనే మేమూ పడుకునేవాళ్ళం. తల్లిదండ్రుల అంగీకార పత్రం లేకుండా నేను ఎవర్నీ తీసుకెళ్ళలేదు. మధ్యలో ఒక రోజు వచ్చి చూసిపోమని నేనే పిలిచేదాన్ని. వచ్చిన తండ్రులు అక్కడే భోంచేసి, సాంబారు పల్చగా ఉందని చెప్పి వెళ్ళేవారు.

ఇంటింటి సర్వేకి వెళ్ళినప్పుడు మా పిల్లల ముఖాలు చూడాలి. మొదటి రోజు గుమ్మం దగ్గర నోరు పెగలదు. నాలుగో రోజుకి ముసలమ్మ పక్కన అరుగు మీద కూర్చుని ఆమె పింఛను ఎందుకు ఆగిందో కనుక్కుంటారు. నువ్వు ఆ పని ఇంట్లో ఎప్పట్నుంచో చేస్తున్నావు.

ఇంకొక మాట. ఫోన్లో ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దు, తెలిసిన గొంతైనా సరే. మీ నాయన ఈకేవైసీ చేసే చోట కూర్చుని తన ఫోను నుంచి అడిగితే మాత్రం చెప్పు. స్కూల్లో తెరిచిన మైనర్ ఖాతా ఉంటే బ్యాంకుకి వెళ్ళి కేవైసీ ఇచ్చి నీ సంతకంతో మార్పించుకో. ఓటుకి ఫారం 6 నింపు.

పెన్నొడ్డు పిల్ల:

అందరికీ థ్యాంక్స్. కొండపి బాబాయ్, మీరన్నది నిజమే. అమ్మని అడిగా. పోయినేడు జేజి కాలు విరిగినప్పుడు ఆ వ్యాపారే ఆసుపత్రికి డబ్బిచ్చాడంట. నాకెవరూ చెప్పలేదు. అప్పుడు నాకు ఇంటర్ పరీక్షలు, డిస్టర్బ్ అవుతానని దాచారంట. ఎంత వడ్డీకో అమ్మక్కూడా సరిగ్గా తెలీదు. రాత్రి నాయన్ని కూర్చోబెట్టి నోటు పుస్తకంలో రాయించుకున్నా. మొదట విసుక్కున్నాడు, తర్వాత తనే పాత చీటీలు తీసుకొచ్చాడు.

క్యాంపుకి ఇంకా ఒప్పుకోలేదు. మా మేడం రేపు ఫోన్ చేస్తానన్నారు. "మధ్యలో వచ్చి చూడొచ్చంట" అంటే "ఆ ఊరికి బస్సుందా" అని అడిగాడు. చూద్దాం.

బాబాయ్, మాది కౌలే. ఆ హక్కు పత్రం ఎట్టా తీసుకోవాలి? యజమాని నెల్లూర్లో ఉంటాడు, సంతకం పెడితే పొలం పోతుందని భయమంట.

కొండపి రైతు:

అది 2019లో వచ్చిన చట్టం తల్లీ. ఒప్పందం పదకొండు నెలలకే, పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ రాదు. ఆ ముక్క కాగితం మీదే ఉంటుంది, ఆయనకి చదివి వినిపించు. మీ నాయన్ని వెంటబెట్టుకునే పో, ఒక్కదానివే పోవద్దు. ఎడగారు మొదలయ్యేలోపే పోండి, పైరు భూమ్మీదున్నప్పుడు సంతకమడిగితే ఏ యజమానీ పెట్టడు.