ఇంటర్‌లాక్ బిగించిన కారు, ఇండియా ప్రయాణం: కాలిఫోర్నియా డీయూఐ సందేహాలు

ప్రశ్న: అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో మొదటి డీయూఐ (తాగి బండి నడిపిన కేసు), ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆరు నెలలు కారుకి ఇంటర్‌లాక్ పెట్టుకోవాలి, అంటే ఊదితే ఆల్కహాల్ లేదని తేలాకే కారు స్టార్ట్ కానిచ్చే పరికరం. ఇంట్లో ఒకటే కారు, మా ఆవిడ కూడా నడుపుతుంది. డిసెంబరులో నెల రోజులు ఇండియా వెళ్లాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. ఏమేం చూసుకోవాలి?

జవాబు: అండీ, కారు స్టార్ట్ కాకపోవడం చిన్న ఇబ్బంది. ఆ పరికరం ప్రతి ఊదుడునూ రాసి పెట్టుకోవడమే అసలు సంగతి. అందులో ఫ్యూయెల్ సెల్ ఉంటుంది. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణ జరిగి కరెంటు పుడుతుంది, దాన్నిబట్టే లెక్క. చట్టంలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం కదా అనుకోకండి. ఇంటర్‌లాక్‌లు రాష్ట్రాన్నిబట్టి 0.02, 0.03 దగ్గరే ఆపేస్తాయి. ఒంట్లోంచి గంటకి సుమారు 0.015 మాత్రమే దిగుతుంది. అర్ధరాత్రికి 0.14 ఉన్న మనిషికి పొద్దున ఏడింటికి ఇంకా 0.035 ఉంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా తగ్గదు.

తాగకపోయినా ఫెయిల్ రావచ్చు. మౌత్‌వాష్, కొన్ని దగ్గు మందులు, హోమియో టింక్చర్, చేతులకి రాసుకున్న శానిటైజర్ ఆవిరి, వీటిలో ఏదైనా చాలు. అప్పుడు కారు వదిలేసి వెళ్లిపోవద్దు. నీళ్లతో పుక్కిలించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదండి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఆపాటికి పోతుంది. ఫెయిల్ తర్వాత కాసేపటికే సున్నా కనపడితే లాగ్ (పరికరం రాసి పెట్టుకున్న రికార్డు) చదివేవాళ్లకి విషయం అర్థమవుతుంది. రెండో ఊదుడు లేకపోతే మీ మాటకి ఆధారమే లేదు.

బండి నడుస్తుండగా కూడా బీప్ కొట్టి ఊదమంటుంది, కొన్ని నిమిషాలు గడువిస్తుంది. పక్కకి ఆపి ఊదండి. నడుస్తున్న ఇంజిన్‌ని అది ఆపదు, కానీ ఊదకపోతే నమోదవుతుంది. ఇంజిన్ ఆన్‌లో వదిలి దుకాణంలోకి వెళ్లే అలవాటుంటే మానుకోండి, బీప్ వినపడదు.

మీ ఆవిడ నడిపినా ఊదాల్సిందే, ఆమె మౌత్‌వాష్ ఫెయిల్ కూడా మీ లాగ్‌లోకే ఎక్కుతుంది. బిగించే రోజు ఆమెనీ తీసుకెళ్లండి. కొన్నిట్లో ఊది వెంటనే లోపలికి పీల్చాలి, కొన్నిట్లో గొంతుతో హమ్ చేస్తూ ఊదాలి. చూపిస్తే ఐదు నిమిషాల పని. మీ బదులు ఇంకొకరు ఊదడం మాత్రం నేరం.

ఇంకో జవాబు: ఇండియా ప్రయాణం సంగతి నేను చెప్తాను. కాలిఫోర్నియాలో కనీసం 60 రోజులకోసారి కాలిబ్రేషన్ (పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసి సరిచేయడం) చేయించాలి. గడువు మీరు ఊళ్లో లేనప్పుడు పడితే లాకౌట్ అవుతుంది, అంటే కారు స్టార్ట్ కాదు, తిరిగొచ్చాక టోయింగ్ దాకా రావచ్చు. బయల్దేరే వారంలోనే చేయించి, తర్వాతి తేదీ రాయించుకోండి. పరికరం నిలబడి ఉన్నా కొంచెం కరెంటు తాగుతుంది. నెల రోజులు కదలని కారులో పాత బ్యాటరీ చచ్చిపోతుంది. అలాగని బ్యాటరీ వైరు పీకేసి వెళ్లకండి, ట్యాంపరింగ్‌గా, అంటే పరికరాన్ని కెలికినట్టుగా, నమోదవుతుంది. మీ ఆవిడ ఇక్కడే ఉంటే వారానికోసారి నడపమనండి. మెకానిక్ బ్యాటరీ ముట్టుకోవాల్సొస్తే ముందే ఇంటర్‌లాక్ కంపెనీకి ఫోన్ చేసి, తేదీ, టైము ఉన్న బిల్లు దాచుకోండి.

ఇంకో జవాబు: టికెట్లు కొనేముందు వీసా చూసుకోండి, దయచేసి. 2015 నుంచి డీయూఐ అరెస్టు కనపడితే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేస్తోంది. శిక్ష పడనక్కర్లేదు, గత ఐదేళ్లలో అరెస్టు ఉంటే చాలు. కబురు సాధారణంగా వీసా దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కి వస్తుంది, పాతదైతే తెరిచి చూడండి. అంతమాత్రాన ఇక్కడ ఉండడానికి మీకున్న స్టేటస్ పోదు. కానీ బయటికెళ్తే కొత్త వీసా తెచ్చుకోవాలి, కాన్సులేట్ వాళ్లు నియమించిన డాక్టరు పరీక్షకి పంపుతారు. అది నెల రోజుల్లో తెమిలిపోతుందన్న లెక్కతో వెళ్లకండి. ఫారంలో అరెస్టు దాచడం అన్నిటికంటే పెద్ద తప్పు, అబద్ధం చెప్పారన్నది వేరే నేరంగా మెడకి చుట్టుకుంటుంది. కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

ప్రశ్న: చాలా థ్యాంక్సండీ. మధ్యలో అద్దె కారు నడపొచ్చా?

జవాబు: కుదరదు. ఇంటర్‌లాక్ లేని ఏ కారూ నడపకూడదు, స్నేహితుడిదైనా సరే. కంపెనీ పేరు మీదున్న వాహనాన్ని ఉద్యోగ పని మీద నడపడానికి మినహాయింపుంది. యజమానికి మీ ఆంక్ష సంగతి తెలిపి, తెలిపినట్టు రుజువు బండిలో ఉంచుకోవాలి. సొంత కంపెనీ అయితే ఇది వర్తించదు.