మెమరీ ఎవరు వదలాలో కామెంట్‌లో రాయాలా, కోడే చెప్పాలా?

కాజీపేట_కెర్నల్:
ఆదివారం హన్మకొండలో మా స్టడీ గ్రూపులో దీని మీదే లొల్లి. ఒక తమ్ముడు తన లినక్స్ డ్రైవర్‌లో ప్రతి ఫంక్షన్ పైన ఈ పాయింటర్ చూపే మెమరీని ఎవరు వదలాలి (ఫ్రీ చేయాలి), ఎప్పుడు వదలాలి అని రాసి తెచ్చాడు. సగం మంది అనవసరం అన్నారు. 2023లో లినక్స్ కెర్నల్ 6.5 వెర్షన్‌లో క్లీనప్ హెడర్ వచ్చింది కదా, వేరియబుల్ పక్కన ఫ్రీ గుర్తు పెడితే స్కోప్ (ఆ వేరియబుల్ బతికే బ్లాక్) దాటగానే కంపైలరే చూసుకుంటుంది, ఇక కామెంట్ ఎందుకని. నేనైతే రాయాల్సిందే అంటా.

భీమారం_బిట్స్:
వద్దన్నా. ప్యాచ్ పంపేటోడు కోడ్ మారుస్తాడు, పైన కామెంట్ జోలికి పోడు. తర్వాత వచ్చినవాడు దాన్ని నమ్మి ఇంకోసారి వదిలితే డబుల్ ఫ్రీ. మెమరీ వదలక లీకైతే కెమెమ్‌లీక్, వదిలేసిన మెమరీ ముట్టుకుంటే కేసాన్ అనే కెర్నల్ చెకింగ్ టూల్స్ ఎట్లాగూ పట్టుకుంటాయి.

కాజీపేట_కెర్నల్:
ఆ దారిలో కోడ్ నడిస్తేనే కదా తమ్మీ కేసాన్ పట్టుకునేది, ఎర్రర్ దారులు టెస్టులో ఎన్నిసార్లు నడుస్తాయి? డివైస్‌ను కెర్నల్‌లో నమోదు చేసే డివైస్_రిజిస్టర్ ఫంక్షన్ చూడు. ఫెయిలైతే, నేను అలొకేట్ చేసిందే కదా అని ఎవరైనా కెఫ్రీ (మెమరీ వదిలే కెర్నల్ ఫంక్షన్) కొడతారు. కానీ లోపల రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారనే లెక్క) అప్పటికే మొదలైంది, పేరు కోసం తీసుకున్న మెమరీ కూడా ఉంటుంది, ఆ కౌంట్ తగ్గించే పుట్_డివైస్ పిలిస్తేనే రిలీజ్ ఫంక్షన్ దాకా వెళ్లి అంతా సర్దుకుంటుంది. ఎర్రర్ వచ్చినా నేరుగా ఫ్రీ చేయొద్దని ఆ ఫంక్షన్ పైన కామెంట్‌లో నొక్కి మరీ రాశారు. ఫంక్షన్ సిగ్నేచర్ (పేరు, ఆర్గ్యుమెంట్లు ఉండే లైన్) చూస్తే ఇది తెలుస్తుందా?
ఇంకోటి, హార్డ్‌వేర్ వివరాలుండే డివైస్ ట్రీలో పేరుతో నోడ్‌ను వెతికే ఓఎఫ్_ఫైండ్_నోడ్_బై_నేమ్. తిరిగిచ్చే నోడ్‌కు కౌంట్ పెంచి ఇస్తుంది, దాన్ని మనం వదలాలి, సరే. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి మనం ఇచ్చిన నోడ్‌ను మాత్రం తానే వదిలేస్తుంది! కామెంట్ చదవనోడు దాన్ని మళ్లీ వదులుతాడు.

ములుగురోడ్డు:
డెవ్‌ఎం ఫంక్షన్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. డెవ్‌ఎం_కెజడ్‌అలొక్‌తో తీసుకున్న మెమరీ డ్రైవర్ డివైస్‌ను విడవగానే దానంతటదే పోతుంది, అందుకే అందరికీ ఇష్టం. యూఎస్‌బీ కెమెరా పీకేశారనుకోండి, ఏదో ప్రోగ్రామ్ ఇంకా ఆ డివైస్ ఫైల్ తెరిచే ఉంచింది. డ్రైవర్ తన డేటాను డెవ్‌ఎంలో పెట్టుకుని ఉంటే అది అప్పుడే పోయింది, ప్రోగ్రామ్ తీరిగ్గా ఫైల్ మూసేటప్పుడు పోయిన మెమరీనే తడుముతుంది. కోడ్ చూస్తే నీట్‌గా ఉంటుంది, ఫ్రీ అన్న మాటే కనపడదు, టెన్షన్ అంతా అక్కడే. పైన చెప్పిన ఫ్రీ గుర్తు కూడా ఫంక్షన్ లోపలి వరకే పనికొస్తుంది. ఫంక్షన్ దాటి బతికే ఆబ్జెక్ట్ అయితే, ఆఖరి రిఫరెన్స్ ఎవరి దగ్గరుంటుందో దాని స్ట్రక్ట్ (డేటా నిర్వచనం) పైన ఒక్క లైన్ కామెంట్ రాయాలి.

భీమారం_బిట్స్:
స్ట్రక్ట్ పైన ఒక్క లైన్ అంటే సరే, ప్రతి ఫంక్షన్ పైన అంటే మాత్రం ఒప్పుకోను. ఆ తమ్ముడి ఫైల్ నేనూ చూసిన, లోకల్ బఫర్‌కు కెఫ్రీ కొట్టే లైన్ పైన "ఇక్కడ బఫర్ ఫ్రీ అవుతుంది" అని రాసుంది. ముందు ఆ కామెంట్ తీసేయమనండి.