ఆర్వీ (లోపలే ఉండి పడుకునే బండి) మురుగు డంప్ చేసేటప్పుడు సీవర్ పైపు ఊడిపోకుండా మీరేం చేస్తున్నారు?

ప్లేనో_నాన్న: జులైలో యెల్లోస్టోన్ వెళ్తున్నాం, అక్కడి ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో సైట్ దొరికింది. రెంటల్ క్లాస్ సి (వ్యాన్ మీద ఇల్లు కట్టినట్టుండే ఆర్వీ), అమ్మానాన్న కూడా వస్తున్నారు. కరెంటు, నీళ్ళు పర్లేదు గానీ ఈ సీవర్ పైపు తలుచుకుంటేనే భయంగా ఉంది, వీడియోల్లో వాల్వ్ లాగగానే నేలలోని మురుగు గొట్టంలోంచి పైపు లేచిపోయి జనం పరిగెత్తడం చూశా. మీద రాయి పెడితే ఆగుతుందా?

రోడ్డుమామ: రాయి పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారండీ, చాలా సైట్లలో ముందొచ్చినవాళ్ళు వదిలేసిన ఇటుక ఆ గొట్టం పక్కనే పడుంటుంది కూడా. కానీ రాయి ఒక్కదాన్నే నమ్ముకోకండి. బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగుది) వాల్వ్ తెరవగానే వచ్చే మొదటి తోపు ఉంటుంది చూశారూ, అది పైపుని ఒక్కసారి నిటారుగా సాగదీస్తుంది, చివరున్న ఎల్బో (వంపు ముక్క) తేలికపాటి ప్లాస్టిక్, ఊరికే గుచ్చి వదిలేస్తే బయటికొచ్చేస్తుంది. నేల గొట్టంలో మరలుంటే ఎల్బోని బాగా బిగించేయండి. ఆ గొట్టం ఒకచోట 3 అంగుళాలు, ఇంకోచోట 4, అందుకే మెట్లు మెట్లుగా ఉండే అడాప్టర్ కొనుక్కోండి. మరలు అరిగిపోతే రబ్బర్ డోనట్ (సందు మూసే రింగు) దూర్చి, దాని మీద పెట్టండి మీ రాయి.

సియాటిల్_లక్ష్మి: అందరూ నేల వైపే చూస్తారు, బండి వైపు ఎవరూ చూడరు 😀 అక్కడ పైపు తిప్పి లాక్ చేసే కొక్కేలుంటాయి, రెంటల్ బండ్లలో అవి సగం విరిగే ఉంటాయి, ఒకటి పట్టుకుని ఇంకోటి పట్టకపోతే పైకి బానే కనిపిస్తుంది, లాగి చూస్తేనే తెలుస్తుంది. బండి తీసుకునేటప్పుడే పైపు బయటికి తీయించి మొత్తం సాగదీసి చిల్లులున్నాయేమో చూడండి. ఇంకోటి, బ్లాక్ తెరిచే ముందు గ్రే (స్నానం, సింకు నీళ్ళ ట్యాంకు) వాల్వ్ కాస్త తెరిచి, పైపు కారుతుందేమో చూసి మూసేయండి, కారితే సబ్బునీళ్ళే కదా కారేది.

ప్లేనో_నాన్న: ఇది భలే ఉందండి లక్ష్మి గారూ. అసలు బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచేస్తే గొడవే ఉండదు కదా, ఎప్పటికప్పుడు పోతుంది?

రోడ్డుమామ: అమ్మో, ఆ పని మాత్రం చేయకండి! నీళ్ళు జారిపోయి గట్టిది ట్యాంకులోనే గుట్టగా పేరుకుపోతుంది, తర్వాత దాన్ని కరిగించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మూడింట రెండొంతులు నిండాకే వదలండి, ముందు బ్లాక్, ఆ తర్వాత గ్రే, ఆ సబ్బునీళ్ళే పైపు కడుగుతాయి.

ఫీనిక్స్_తమ్ముడు: వాలు సంగతి ఎవరూ చెప్పలేదేంటి అన్నా? అడుగుకి పావంగుళం దిగినా చాలు. పైపు నేలమీద పాములా మెలికలు తిరిగితే మధ్యలో నిలిచిపోతుంది, ఆ బరువుకే జాయింట్లు లాగేస్తాయి. పైపు కింద సైడ్‌వైండర్ లాంటి స్టాండ్ వేసి, గాలికి పడకుండా రెండుచోట్ల స్ట్రాప్ కట్టండి. పైపు పొడుగెక్కువైతే దగ్గరికి నొక్కేసి పొట్టి చేయండి, చుట్టలు చుట్టొద్దు. పారదర్శకంగా ఉండే ఎల్బో అయితే నీళ్ళు తేటగా వచ్చేదాకా కనిపిస్తుంది, చూడ్డానికి బాగోదనుకోండి 🤢

సియాటిల్_లక్ష్మి: ఫిషింగ్ బ్రిడ్జ్ దాదాపు 7,800 అడుగుల ఎత్తు, జులైలో కూడా రాత్రిళ్ళు గడ్డకట్టే చలి పడొచ్చు. డంప్ అయ్యాక వాల్వులు మూసి పైపు తీసి కడిగి లోపల పెట్టేయండి, అసలు బయట లేని పైపు ఊడదు కదా. కడగడానికి తాగునీళ్ళ పైపు వాడొద్దు, దానికి వేరేది ఉండాలి.

రోడ్డుమామ: అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్ల వల్ల టెంట్లు, గుడ్డ గోడల పాపప్‌లు రానివ్వరు, మీది క్లాస్ సి కాబట్టి ఓకే.

ప్లేనో_నాన్న: అయితే అడాప్టర్, డోనట్, స్టాండ్ ముందే కొనేస్తా. మా నాన్న మాత్రం "ఇంజనీరువి, ఆ మాత్రం పైపు బిగించలేవా" అంటున్నారు, వాల్వ్ ఆయన చేతే లాగిస్తా 😂

ఫీనిక్స్_తమ్ముడు: గ్లవ్స్ ఒక జత కాదు, బాక్సే తీసుకో అన్నా.