గెలిచాక చల్లారిపోయే తిరుగుబాటు: నాయకుడిని ఎలా రాస్తున్నారు?

నవలాప్రియ:
అందరికీ నమస్కారం. నా నవల సగంలో ఆగింది. కథానాయకుడు ఒకప్పుడు కోటలో శిస్తు ధాన్యం కొలిచే గుమస్తా. దొంగ కొలతలు చూసి చూసి విసిగిపోయి, చుట్టుపక్కల ఊళ్లను కూడగట్టి అదే కోటను పట్టుకుంటాడు. అక్కడిదాకా పేజీలు వాటంతటవే పరుగెత్తాయి. కోట చేతికొచ్చాక కథ చప్పబడింది. ఈ తిరుగుబాటు నిలవదని నాకు మొదటినుంచీ తెలుసు. కానీ పెద్ద సైన్యం వచ్చి తొక్కేసిందని రాస్తే అది సైన్యం కథ అయిపోతుంది. నమ్మకద్రోహి ఒకడిని పెడదామా అంటే అది అందరూ నడిచిన దారే. ఇలాంటి నాయకుడిని రాసినవాళ్లు గెలుపు తర్వాతి అధ్యాయాలు ఎలా నడిపారో చెప్పరూ?

పాతచదువరి:
గెలిచిన మర్నాడు పొద్దున్నుంచి మొదలుపెట్టండి. నేను రాసిన పెద్దకథలో మూడోవంతు ఆ ఒక్క పొద్దే. కోట పట్టుకున్నారు, బాగుంది. ధాన్యపు కొట్టు తాళంచెవి ఎవరి మొలలో ఉంది? ఈ ప్రశ్న వేసుకోగానే నా పాత్రలన్నీ కదిలాయి. నిన్న "కొట్టు బద్దలు కొట్టండి" అని అరిచినవాడే ఇవాళ ఆ కొట్టుకు కాపలా పెట్టాలి. పెట్టకపోతే నాలుగు రోజుల్లో తిండి ఉండదు, పెడితే జనం మొహాలు మారతాయి.

మీ నాయకుడు గుమస్తా అన్నారు కదా, అంతకంటే ఏం కావాలండీ? కొలవడం తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. మళ్లీ అదే గడప మీద, అదే కుంచం పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. వరసలో నిలబడ్డ ఒక ముసలామె కుంచంలోకి తొంగి చూసి, "నిండలేదు నాయనా" అంటుంది. ఆమె చూపు సరైనదే, అతని కొలతా సరైనదే. ఉన్న గింజలు అందరికీ రావాలంటే అంతే పొయ్యాలి. ఆ మాట అతను ఆమెకు ఎలా చెబుతాడో రాయండి, చప్పదనం పోతుంది.

చరిత్రవిద్యార్థి:
నాకు బాగా పనికొచ్చింది 1381 ఇంగ్లండ్ రైతుల తిరుగుబాటు. నాయకుడు వాట్ టైలర్. జూన్ 13న రైతులు లండన్‌లోకి ప్రవేశించారు. రాజు రెండో రిచర్డ్‌కు అప్పటికి 14 ఏళ్లు. మర్నాడు మైల్ ఎండ్ దగ్గర రాజే వచ్చి వెట్టి రద్దు చేస్తానన్నాడు, గుమస్తాలను కూర్చోబెట్టి పత్రాలు రాయించాడు. ఆ పత్రాలు చేతపట్టుకుని ఎంతోమంది ఇళ్లకు బయల్దేరారు. జూన్ 15న స్మిత్‌ఫీల్డ్‌లో రాజుతో మాటల మధ్యే టైలర్‌ను చంపేశారు. జులైకల్లా ఆ పత్రాలు చెల్లవని రాజే ప్రకటించాడు.

ఇళ్లకు వెళ్లినవాళ్లను పిరికివాళ్లుగా రాయకండి. వాళ్లు వచ్చిన పని అయిపోయిందనుకున్నారు, అంతే. నా కథలో కూడా నాయకుడిని వదిలి మొదట వెళ్లేవాడు అతని ప్రాణస్నేహితుడే. కోతల కాలం వచ్చింది, పొలంలో పంట రాలిపోతోంది, ఇంట్లో భార్య ఒంటరిది. కన్నీళ్లతో కావలించుకుని వెళతాడు. ఆ సీన్ రాసేటప్పుడు, ద్రోహం కంటే ఇది ఎక్కువ బాధిస్తుందని తెలిసింది.

రాత్రిరాత:
అందరూ మంచివాళ్లే అయితే కథలో టెన్షన్ ఎక్కడిది? గెలుపు మనిషిని చెడగొడుతుంది కూడా. చైనాలో రైతుల తిరుగుబాటు నడిపిన లీ జిచెంగ్‌ను చూడండి. 1644 ఏప్రిల్‌లో బీజింగ్‌ను పట్టుకున్నాడు, మింగ్ చక్రవర్తి ఉరి వేసుకున్నాడు. తర్వాత లీ మనుషులు పాత అధికారులను వెండి కోసం చిత్రహింసలు పెట్టారు. సరిహద్దులో ఉన్న సేనాని వూ సాన్‌గుయ్‌ని తనవైపు తిప్పుకోలేక, అతని మీదికే దండెత్తాడు. వూ సరిహద్దు అవతలి మంచూలతో చేతులు కలిపాడు. లీ ఓడి, వెనక్కొచ్చి, హడావుడిగా పట్టాభిషేకం చేయించుకుని, మర్నాడే నగరం వదిలి పారిపోయాడు. మొత్తం రాజధానిలో ఉన్నది సుమారు 40 రోజులు.

ఓడిపోయాక సింహాసనం ఎక్కడం అనే ఆ ఒక్క పని చాలు, పాత్ర అర్థమవుతుంది.

పాతచదువరి:
రాత్రిరాత గారూ, నిజమే, కానీ అక్కడ కూడా వెండి ఎందుకు కావాల్సొచ్చిందో చూడండి. అంత సైన్యానికి జీతం, తిండి ఎక్కణ్ణుంచి తేవాలి? పన్నులు వసూలు చేయబోమని జనానికి మాటిచ్చినవాడికి మిగిలింది పాత అధికారుల ఖజానాలే. చెడిపోయాడని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ ఇరకాటం పాఠకుడికి కనిపించదు.

కొండగాలి:
మన అల్లూరి సీతారామరాజును ఎవరూ ప్రస్తావించలేదేం? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క రాసి మరీ వెళ్లారు. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర కవార్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర మొదటి పెద్ద దెబ్బ తగిలింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

కొత్త తుపాకులు దొరకవు, ఉన్న తూటాలు కాల్చేకొద్దీ తరిగిపోతాయి. అటువైపు మలబార్ పోలీసులు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్. నేను రాస్తున్న నవలలో నాయకుడు ప్రతి అధ్యాయంలోనూ ఏదో ఒక సందర్భంలో తూటాలు లెక్కపెడతాడు. ఉపన్యాసం ఇవ్వడు, భయపడుతున్నాడని నేనూ రాయను. మొదట సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసేవాడు, చివరికి ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, ఎవరికివ్వాలో మొహాలు చూసి ఇస్తాడు. ఇవ్వనివాడి మొహం కూడా చూపించాలి.

చరిత్రవిద్యార్థి:
రోమ్‌లో బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్ విషయం ఒకటి చెప్పి ఆపుతాను. క్రీ.పూ. 73లో సుమారు 70 మందితో, వంటింటి కత్తులతో తప్పించుకున్నవాడు, మర్నాటి ఏడాది రోమ్ అత్యున్నత అధికారులైన ఇద్దరు కాన్సుల్స్ సైన్యాలను ఓడించాడు. ఇటలీ దాటిపోవడానికి ఆల్ప్స్ కొండల వైపు దారి తెరుచుకుంది. అయినా దండు మళ్లీ ఇటలీలోకే తిరిగింది. వరస గెలుపులతో మనుషులు అతని మాట వినలేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 71లో రోమన్ సేనాని క్రాసస్ చేతిలో అంతా ముగిసింది, పట్టుబడ్డ 6,000 మందిని అప్పియన్ దారి పొడవునా శిలువ వేశారు. దారి కళ్లెదుట ఉండగా వెనక్కి తిరిగిన ఆ రాత్రి వాళ్ల మధ్య ఏం మాటలు నడిచాయో ఎవరూ రాసిపెట్టలేదు. కల్పన రాసేవాడికి అక్కడే చోటు.

నవలాప్రియ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ముసలామె మాట వదలడం లేదు, మర్నాటి పొద్దు నుంచే రాస్తాను. స్నేహితుడు వెళ్లిపోయేది కూడా ఆ వరసలోంచే. తన వాటా గింజలు కొలిపించుకుని, మూట భుజాన వేసుకుని వెళతాడు. అతనికి కొలిచేటప్పుడు మాత్రం నాయకుడు కుంచం పొర్లేలా పోస్తాడు. వెనక నిలబడ్డవాళ్లు అది చూస్తారు. ఇక్కడినుంచి గొడవ మొదలైతే సహజంగా ఉంటుందా?

పాతచదువరి:
ఉంటుంది. ఆ ముసలామె ఇంకా వరసలోనే ఉండేలా చూసుకోండి.