బ్రాడ్‌బ్యాండ్ మార్చాక సైట్లన్నీ నేను సింగపూర్‌లో ఉన్నానంటున్నాయి

ప్రశ్న: మాది నరసరావుపేట. ఈమధ్యే ఓ చిన్న ప్రొవైడర్ దగ్గర ఫైబర్ తీసుకున్నాం. అప్పట్నుంచి షాపింగ్ సైట్లలో ధరలు డాలర్లలో వస్తున్నాయి. సినిమాల యాప్ "మీ దేశంలో ఈ సేవ లేదు" అంటోంది. ఫోన్ డేటాలో అంతా బాగానే ఉంది. వీపీఎన్ వాడను, కుకీలు కూడా తీసేశాను. ఎవరైనా హ్యాక్ చేశారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: హ్యాకింగ్ కాదండి. ఐపీ అడ్రస్ అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబరు, దాంట్లో ఊరు, దేశం ఏమీ రాసి ఉండవు. మ్యాక్స్‌మైండ్, ఐపీఇన్ఫో, ఐపీటూలొకేషన్ లాంటి సంస్థలు ఏ నంబర్లు ఎక్కడ వాడుతున్నారో అంచనా కట్టి పట్టికలు తయారుచేస్తాయి. సైట్లు ఆ పట్టికల్నే నమ్ముతాయి. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ నంబర్లకేమో కరువు. మన ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ అనే సంస్థ 2011 ఏప్రిల్‌కే ఆఖరి బ్లాక్‌కి (నంబర్ల గుంపుకి) వచ్చేసింది. అందుకే చిన్న ప్రొవైడర్లు వేరే దేశాల వాళ్ల దగ్గర కొనుక్కుంటారు, లేదా లీజుకు తీసుకుంటారు. మీకొచ్చిన నంబరు ఇంతకుముందు సింగపూర్‌లో వాడి ఉంటారు, పట్టిక ఇంకా మారలేదు. ఐపీ ఎక్కడిదో చూపించే లుకప్ సైట్లు రెండు మూడింట్లో చూసి చెప్పండి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కి ఇచ్చిన నంబరు) ఎంతుందో కూడా.

అడిగినవారు: రెండింట్లో సింగపూర్, ఒకదాంట్లో ఇండియా. రౌటర్‌లో 100.72తో మొదలయ్యే నంబరుంది, లుకప్ సైట్లలో వేరేది కనిపిస్తోంది.

జవాబు: 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి సీజీనాట్ కోసం కేటాయించినవి. అంటే ఒకే పబ్లిక్ ఐపీని (లుకప్ సైట్లలో కనిపించేదాన్ని) చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి. మీ వీధిలో అదే కనెక్షన్ ఉన్నవాళ్లకీ ఈ గొడవ ఉండొచ్చు, వాళ్లని కూడా కంప్లైంట్ పెట్టమనండి. రౌటర్ ఎన్నిసార్లు రీసెట్ చేసినా లాభం లేదు.

తప్పు చూపిస్తున్న సంస్థల సైట్లలో కరెక్షన్ ఫారం ఉంటుంది, పబ్లిక్ ఐపీతో నింపి పంపండి. అసలు మందు మాత్రం ప్రొవైడర్ చేతిలోనే ఉంది. వాళ్లు జియోఫీడ్ అనే చిన్న సీఎస్వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) నెట్‌లో పెట్టాలి. ఏ బ్లాక్ ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో, ఏ ఊళ్లో వాడుతున్నారో ఒక్కో వరుసలో రాస్తారు. పద్ధతంతా ఆర్ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఉంది. అది చూసి ఆ సంస్థలు పట్టిక మార్చినా, కొత్త కాపీ ఒక్కో సైటు ఎప్పుడు దించుకుంటే అప్పుడే అక్కడ సరవుతుంది. కాబట్టి అన్నీ ఒకే రోజు బాగుపడవు.

మరొకరు: నేను కరీంనగర్‌లో ఉంటే నా ఫోన్ డేటా చెన్నై అని చూపిస్తుంది. నేనూ ఫారం పంపాలా?

జవాబు: అక్కర్లేదండి. మొబైల్ ట్రాఫిక్ ఏ నగరంలోని గేట్‌వే (కంపెనీ నెట్‌వర్క్ ద్వారం) నుంచి బయటికొస్తే ఆ పేరే కనిపిస్తుంది. దేశం తప్పయితే పట్టుబట్టి దిద్దించాలి, ఊరు తప్పయితే వదిలేయడమే. డెలివరీ యాప్‌కి ఊరు కావాలంటే జీపీఎస్ పర్మిషన్ ఇస్తే సరిపోతుంది. ఊరు దాకా ఐపీని నమ్మితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. చోటు తెలియని అమెరికా ఐపీలన్నిటికీ మ్యాక్స్‌మైండ్ దేశం మధ్యలో ఓ బిందువు పెట్టింది. అది కాన్సస్‌లో ఒకరి పొలంలో పడింది. ఏళ్ల తరబడి పోలీసులు ఆ ఇంటికి వచ్చేవాళ్లు! 2016లో సంగతి బయటపడ్డాక ఆ బిందువుని నీళ్లలోకి జరిపారు.

అడిగినవారు: కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటున్నారు.

జవాబు: వాళ్లతో తేలదు. లుకప్ సైట్‌లో ఐపీ పక్కనే ఏఎస్ నంబర్ (ప్రొవైడర్ నెట్‌వర్క్ గుర్తింపు నంబరు) ఉంటుంది. దాన్ని హూయిజ్‌లో (ఏ నంబర్లు ఎవరి పేరున ఉన్నాయో చూపే రిజిస్టరులో) వెతికితే టెక్నికల్ కాంటాక్ట్ మెయిల్ దొరుకుతుంది. లీజు బ్లాక్ అయితే ఐపీ హూయిజ్‌లో పాత యజమాని పేరే ఉండొచ్చు, అందుకే ఏఎస్ నంబర్‌తోనే వెతకండి. మెయిల్‌లో పబ్లిక్ ఐపీ, తేదీ, ఏ సైట్‌లో ఏ దేశం చూపిస్తోందో స్క్రీన్‌షాట్లు, జియోఫీడ్ పెట్టమన్న మాట. ఇంతే రాయండి.